బూస్ట్ కోసం కంప్రెషన్‌ని వదులుకోవాలా?

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ డివిజన్‌లోని కల్హేర్ మండలం మంజీర పరీవాహకంలో, నిజాంసాగర్ జలాశయానికి ఎగువన ఉంటుంది. నిజాంసాగర్ పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 1405 అడుగుల పైన, అంటే సుమారు 428 మీటర్లు. ఆ ఎత్తులో గాలి పీడనం సముద్రతీరంలో కంటే 5 శాతం తక్కువ. దీనికి ఎండ తోడవుతుంది. రోహిణి కార్తెలో 42 డిగ్రీల సెల్సియస్ వేడి ఇక్కడ కొత్త కాదు. ఇంజన్ల సామర్థ్యాన్ని పోల్చేటప్పుడు ఇంజినీర్లు తరచు తీసుకునే 15 డిగ్రీల గాలితో పోలిస్తే, 42 డిగ్రీల గాలి దాదాపు 9 శాతం పలచన. ఎత్తు, ఎండ రెండూ కలిస్తే మే నెల మధ్యాహ్నం కల్హేర్‌లో కారు ఇంజన్ పీల్చే ప్రతి లీటరు గాలిలో 13 శాతం దాకా సరుకు తగ్గుతుంది. ఇంజన్ శక్తి అది పీల్చిన గాలిని బట్టి ఉంటుంది కాబట్టి ఈ లోటు నేరుగా శక్తిలో కనిపిస్తుంది. టర్బో ఉన్న కారు ఈ లోటును పూడ్చుకోగలదు, ఇంకా మిగుల్చుకోగలదు కూడా. కానీ గాలి వేడిగా ఉన్నచోట టర్బో పని కష్టమవుతుంది. ఆ కష్టమెక్కడుందో తెలుసుకుంటే ఇంజన్ శాస్త్రంలో ఒక పాత సూత్రానికి అసలు బలమెంతో తేలుతుంది.

ఆ సూత్రం టర్బో కార్ల అభిమానులందరికీ తెలిసిందే: బూస్ట్ పెంచాలంటే కంప్రెషన్ రేషియో తగ్గించాలి. టర్బో బయట గాలిని నొక్కుతుంది (ఆ అదనపు పీడనమే బూస్ట్), పిస్టన్ లోపల నొక్కుతుంది, కాబట్టి ఒకచోట పెంచినంత ఇంకోచోట తగ్గించాలన్నది దాని వెనకున్న తర్కం. వినడానికి న్యాయంగానే ఉంది, చాలాకాలం పనిచేసింది కూడా. అయినా దాన్ని ప్రకృతి నియమంగా భావించడం పొరపాటని ఈ అధ్యాయంలో వాదిస్తున్నాను. అది ఒక కాలంలో దొరికిన ఇంధనానికి, ఆనాటి శీతలీకరణ పద్ధతులకు సరిపోయిన సర్దుబాటు. కంప్రెషన్, బూస్ట్ చేసే పనులు వేరువేరు. ఒకటి ఇంధనంలోని ప్రతి చుక్క నుంచి ఎంత పని పిండుకోవాలో నిర్ణయిస్తుంది. రెండోది ఎన్ని చుక్కలు మండించాలో నిర్ణయిస్తుంది. ఈ రెంటికీ మధ్య తగవు పెట్టేది నాకింగ్, అంటే సిలిండర్‌లోని మిశ్రమం మంట చేరకముందే తనంతట తానే రగలడం. ఆ తగవు తీర్చడానికి కంప్రెషన్‌ని బలిపెట్టడం చిట్టచివరి మార్గం కావాలి, మొదటిది కాకూడదు.

ముందు కంప్రెషన్ సంగతి. పిస్టన్ కిందికి పూర్తిగా దిగినప్పుడు సిలిండర్‌లో 500 ఘనసెంటీమీటర్ల చోటుండి, పైకి పూర్తిగా వచ్చాక 50 మిగిలితే, ఆ ఇంజన్ కంప్రెషన్ రేషియో 10. పాఠ్యపుస్తకాల్లో దీన్నే సంపీడన నిష్పత్తి అంటారు. 1876లో నికోలాస్ ఆటో నాలుగు స్ట్రోకుల ఇంజన్ నడిపిన నాటి నుంచి ఈ అంకె ఇంజన్ల చరిత్రలో మొత్తం మీద మెట్టు తర్వాత మెట్టు ఎక్కుతూ వచ్చింది. ఎందుకంటే ఆటో చక్రం ఆదర్శ లెక్క ప్రకారం, రేషియో 8 అయితే ఇంధనపు వేడిలో 56.5 శాతం పనిగా మారగలదు. 10 అయితే 60.2 శాతం, 12 అయితే 63 శాతం, 14 అయితే 65.2 శాతం. నిజమైన ఇంజన్‌లో గోడలకు పోయే వేడి, రాపిడి, పొగగొట్టంలోంచి పోయే నష్టం తీసేస్తే ఈ అంకెలు బాగా తగ్గుతాయి, కానీ వాటి వరుస అలాగే ఉంటుంది. ఈ లాభం ఎక్కడినుంచి వస్తుందో గమనించాలి. గాలిని గట్టిగా నొక్కడంలో లాభమేమీ లేదు, ఆ పని చేయడానికి ఇంజన్ శక్తి ఖర్చుపెడుతుంది. లాభమంతా మంట రగిలిన తర్వాత వాయువు ఎంత దూరం వ్యాకోచిస్తూ పిస్టన్‌ని తోసిందన్న దాంట్లో ఉంది. చిన్న చోట మండి పెద్ద చోటుకు విస్తరించిన వాయువు, చల్లబడి, తన శక్తిని పిస్టన్‌కి అప్పగించి బయటికి పోతుంది. రేషియో తక్కువైతే ఆ శక్తి ఇంకా వేడిగానే పొగగొట్టం దారి పడుతుంది.

బూస్ట్ కథ వేరు. స్విట్జర్లాండ్ ఇంజినీర్ ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంట్ తీసుకున్న ఆలోచన ఇది: ఊరికే పోయే పొగతో ఒక టర్బైన్‌ని తిప్పి, అదే ఇరుసు మీదున్న కంప్రెసర్‌తో గాలిని నొక్కి సిలిండర్‌లోకి పంపడం. దీని శక్తి 1918లో అమెరికాలోని పైక్స్ పీక్ శిఖరం మీద రుజువైంది. సముద్రమట్టం దగ్గర సుమారు 350 హార్స్‌పవర్ ఇచ్చే లిబర్టీ విమాన ఇంజన్‌ని జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్ శాన్‌ఫర్డ్ మాస్ 4300 మీటర్ల ఎత్తుకు చేర్చి నడిపాడు. గాలి పలచనై శక్తి 230కి పడిపోయింది. టర్బో తగిలించగానే 356కి చేరింది. ఇంజన్ అదే, దాని కంప్రెషన్ రేషియో అదే, మారిందల్లా లోపలికి వెళ్ళిన గాలి. ప్రతి చుక్క పెట్రోలు నుంచి ఎక్కువ పని రాబట్టడం టర్బో ప్రధాన ధర్మం కాదనీ, ఎక్కువ చుక్కలు మండేందుకు గాలి సమకూర్చడమే దాని పని అనీ ఈ ప్రయోగం స్పష్టం చేసింది. కల్హేర్ ఎత్తులో, ఎండలో పోయే 13 శాతం గాలిని తిరిగి తేవడం టర్బోకి చిన్న పని.

మరి తగవెక్కడ? స్పార్క్ ప్లగ్ వెలిగించిన మంట సిలిండర్ అంతా ఒక్కసారిగా వ్యాపించదు, ఒక అంచునుంచి ఇంకో అంచుకు నడిచి వెళ్తుంది. అది చేరేలోపు చివర మిగిలిన గాలి, పెట్రోలు మిశ్రమం ముందున్న మంట ఒత్తిడికి నలిగి, వేడెక్కి, తనంతట తానే భగ్గుమంటే సిలిండర్‌లో పీడన తరంగాలు ఎగిసిపడతాయి. మెకానిక్కులు ఇంజన్ కొట్టుకుంటోంది అనేది దీన్నే. అదుపు లేకుండా సాగితే పిస్టన్ అంచులు విరుగుతాయి, రింగులు పగులుతాయి, హెడ్ గాస్కెట్ పోతుంది. మొదటి ప్రపంచయుద్ధం నాటికి బ్రిటన్‌లో హ్యారీ రికార్డో దీన్ని లోతుగా పరిశీలించి, ఇంజన్ శక్తికి అడ్డుకట్ట వేస్తున్నది ఇంధనం స్వభావమేనని గుర్తించాడు. 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ పెట్రోలులో సీసపు సమ్మేళనం కలిపితే నాకింగ్ ఆగుతుందని కనుగొన్నాడు. దాని ఫలితంగా కంప్రెషన్ రేషియోలు పెరిగాయి, ప్రపంచపు గాలిలో సీసం కూడా పెరిగింది. మన దేశమంతటా సీసం లేని పెట్రోలు అందుబాటులోకి వచ్చింది 2000లో. ఇంధనం నాకింగ్‌ని ఎంత తట్టుకుంటుందో చెప్పే ఆక్టేన్ సంఖ్య అప్పటినుంచి శుద్ధి కర్మాగారాల పద్ధతుల మీదా, ఇథనాల్ వంటి కలుపుల మీదా ఆధారపడుతోంది.

నాకింగ్ జరుగుతుందా లేదా అన్నది నాలుగు సంగతుల మీద ఆధారపడుతుంది: చివరి మిశ్రమం ఉష్ణోగ్రత, దాని పీడనం, మంట చేరడానికి పట్టే సమయం, ఇంధనం ఆక్టేన్. ఈ జాబితాలో కంప్రెషన్ రేషియో, బూస్ట్ అనే పేర్లు నేరుగా లేవు. అవి రెండూ ఉష్ణోగ్రత, పీడనాల ద్వారానే నాకింగ్‌ని తాకుతాయి. అందుకే కంప్రెషన్‌ని, బూస్ట్‌ని గుణించి ఒకే అంకెగా చెప్పే ప్రసిద్ధ లెక్క మోసం చేస్తుంది. వాతావరణ పీడనంతో కలిపి మొత్తం పీడనాన్ని బార్లలో తీసుకుని కంప్రెషన్ రేషియోతో గుణిస్తే వచ్చేదాన్ని చాలామంది అసలు కంప్రెషన్ అంటారు. దాన్ని చరిత్రకు అన్వయించి చూద్దాం. 1975లో వచ్చిన పోర్షె 911 టర్బో కంప్రెషన్ 6.5, బూస్ట్ 0.8 బార్, గుణిస్తే 11.7. అంతకు పదమూడేళ్ళ ముందు, 1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కంప్రెషన్ 10.25, బూస్ట్ సుమారు 0.35 బార్, గుణిస్తే 13.8. ఇక 2019లో మెర్సిడెస్-ఏఎంజీ తెచ్చిన ఎం139 అనే రెండు లీటర్ల ఇంజన్ కంప్రెషన్ 9, బూస్ట్ 2.1 బార్, శక్తి 421 హార్స్‌పవర్. గుణిస్తే దాదాపు 28. ఈ అంకె నిజంగా హద్దును చెప్పేదైతే, 28 దగ్గరున్న ఇంజన్ వారంటీతో రోడ్డు మీద తిరగగలిగేది కాదు, 13.8 దగ్గరున్నది 11.7 దగ్గరున్న దానికంటే ముందు పుట్టగలిగేది కాదు.

జెట్‌ఫైర్‌ని కాపాడింది ఒక ప్రత్యేక ద్రవం. స్వేదనజలం, మిథనాల్ కలిపిన మిశ్రమాన్ని బూస్ట్ పెరిగినప్పుడు గాలిలోకి చిమ్మేవారు. అది ఆవిరవుతూ గాలి వేడిని లాగేసేది. కానీ ఆ ట్యాంకును క్రమం తప్పకుండా నింపే ఓపిక కొన్నవాళ్ళలో చాలామందికి లేకపోయింది, రెండేళ్ళలోనే ఆ కారు ఆగిపోయింది. పోర్షె చరిత్ర ఇంకా గట్టి సాక్ష్యం. తొలి 911 టర్బోలో, టర్బో నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ లేదు. 1978లో ఇంజన్‌ని 3.3 లీటర్లకు పెంచి ఇంటర్‌కూలర్ పెట్టారు. శక్తి 260 నుంచి 300కి పెరిగింది, కంప్రెషన్ రేషియో కూడా 6.5 నుంచి 7కి పెరిగింది. సూత్రం ప్రకారమైతే శక్తి పెంచడానికి కంప్రెషన్ తగ్గాలి. ఇక్కడ రెండూ కలిసి పెరిగాయి. శక్తిలో కొంత ఇంజన్ పరిమాణం పెరగడం వల్ల వచ్చినా, కంప్రెషన్ పెంచడానికి వీలిచ్చింది మధ్యలో వేడిని తీసేసిన ఆ పరికరమే.

దీన్ని కల్హేర్ ఎండకు అన్వయించి లెక్క కడదాం. సైకిల్ పంపుతో గాలి కొడితే పంపు అడుగు వేడెక్కినట్టే, టర్బో నొక్కిన గాలి కూడా వేడెక్కుతుంది. 42 డిగ్రీల గాలిని టర్బో రెట్టింపు పీడనానికి నొక్కిందనుకుందాం, అంటే సుమారు ఒక బార్ బూస్ట్. కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అయితే గాలి 140 డిగ్రీలకు చేరుతుంది. ఈ గాలి నేరుగా 10 రేషియో ఉన్న సిలిండర్‌లోకి వెళ్తే, నొక్కడం పూర్తయ్యేసరికి ఆదర్శ లెక్కలో 770 డిగ్రీలు. భయపడి రేషియోని 8కి తగ్గిస్తే 680. రేషియో 10 దగ్గరే ఉంచి, టర్బోకీ సిలిండర్‌కీ మధ్య ఒక మంచి ఇంటర్‌కూలర్ పెట్టి గాలిని 62 డిగ్రీలకు దించితే 570. అసలు ఇంజన్‌లో పెట్రోలు ఆవిరి, గోడల వేడి కలిసి ఈ అంకెలన్నీ ఇంకా తక్కువగా ఉంటాయి, కానీ మూడింటి మధ్య వరుస మారదు. కంప్రెషన్ తగ్గించడం వల్ల 90 డిగ్రీలు దిగాయి, ఇంటర్‌కూలర్ వల్ల 200 దిగాయి.

ఇక్కడ జాగ్రత్తగల పాఠకుడు ఒక అభ్యంతరం చెప్పాలి, అది సరైనదే. నాకింగ్ వేడి ఒక్కదాని వల్లే రాదు, పీడనం కూడా దాన్ని తొందరపెడుతుంది. రేషియో తగ్గిస్తే వేడితో పాటు పీడనం కూడా తగ్గుతుంది, ఇంటర్‌కూలర్ పీడనాన్ని తగ్గించదు కదా. దీన్ని తూచడానికి 1978లో ఫ్రెంచ్ పరిశోధకులు డువో, ఎజా ప్రచురించిన సూత్రం ఉపయోగపడుతుంది. మిశ్రమం తనంతట తాను రగలడానికి ఎంత సమయం పడుతుందో అది అంచనా వేస్తుంది. ఇంజన్ పరిశోధనలో నేటికీ దాన్ని వాడుతున్నారు. దాని ప్రకారం పీడనం రెట్టింపైతే ఆ సమయం మూడో వంతుకు పడిపోతుంది. అంటే బూస్ట్ నిజంగానే ఖరీదైనది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పైన చెప్పిన మూడు ఉష్ణోగ్రతలను ఆ సూత్రంలో పెడితే ఫలితం ఇలా వస్తుంది: రేషియోని 10 నుంచి 8కి తగ్గిస్తే, వేడిలోనూ పీడనంలోనూ వచ్చిన తగ్గుదల కలిసి, మిశ్రమం ఓపికపట్టే సమయం సుమారు 2.4 రెట్లు పెరుగుతుంది. ఇంటర్‌కూలర్ పెడితే కూడా సుమారు 2.4 రెట్లే పెరుగుతుంది. రక్షణ సమానం. కానీ మొదటి మార్గంలో ఇంజన్ సామర్థ్యం 60.2 నుంచి 56.5 శాతానికి పడిపోతుంది, అంటే ఉన్నదాంట్లో 6 శాతం నష్టం. రెండో మార్గంలో ఆ నష్టం లేదు. పైగా గాలి చల్లబడి చిక్కబడటంతో సిలిండర్‌లోకి 23 శాతం ఎక్కువ గాలి చేరుతుంది. ఒకే రక్షణకు ఒక మార్గం వెల అడుగుతుంటే ఇంకోటి ఎదురు ఇస్తోంది.

ఆ వెల ఎప్పుడెప్పుడు చెల్లించాల్సి వస్తుందో కూడా చూడాలి. మామూలు కారు సమతలంగా ఉన్న రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోవడానికి 20 హార్స్‌పవర్ లోపే చాలు. ఆ వేగంలో టర్బో దాదాపు ఖాళీగా తిరుగుతుంది. పూర్తి బూస్ట్ అవసరమయ్యేది లారీని దాటేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు, రేస్ ట్రాక్ మీద. శక్తిమంతమైన కారుకైనా రోడ్డు మీద అది కొన్ని సెకన్ల వ్యవహారం. కంప్రెషన్ రేషియో మాత్రం స్టార్ట్ చేసిన క్షణం నుంచి ఆపేదాకా ప్రతి చక్రంలోనూ పనిచేస్తుంది. కొన్ని సెకన్ల బూస్ట్ కోసం శాశ్వతంగా కంప్రెషన్‌ని కోసేస్తే, నారాయణఖేడ్ నుంచి హైదరాబాద్ దాకా పోయే దారిలో ప్రతి కిలోమీటరుకూ ఆ జరిమానా కడుతూనే ఉండాలి. పాత టర్బో కార్లు బూస్ట్ అందేదాకా నీరసంగా నడిచేవన్న పేరు తెచ్చుకోవడానికి టర్బో ఆలస్యంగా తిరగడం ఒక్కటే కారణం కాదు. బూస్ట్ లేని వేళ మిగిలేది తక్కువ కంప్రెషన్ ఉన్న బలహీనమైన ఇంజనే.

రేసింగ్‌వాళ్ళు ఎప్పుడూ కంప్రెషన్ తగ్గించే కదా గెలిచారు అని ఎవరైనా అడగవచ్చు. ఫార్ములా వన్ చరిత్ర ఇందుకు కొంతవరకే ఒప్పుకుంటుంది. 1977లో రెనో తెచ్చిన ఒకటిన్నర లీటర్ల టర్బో కారుతో మొదలైన ఆ యుగం 1980ల మధ్యలో విపరీతమైన బూస్ట్‌కి చేరింది. 1987లో నిబంధనలు మొత్తం పీడనాన్ని 4 బార్‌కి పరిమితం చేసినప్పుడు హోండా ఇంజన్ కంప్రెషన్ 7.4. 1988లో పరిమితి 2.5 బార్‌కి దిగింది, ఒక రేసుకు వాడదగిన ఇంధనం కూడా 195 లీటర్ల నుంచి 150కి తగ్గింది. హోండా ఏం చేసింది? కంప్రెషన్‌ని 9.4కి పెంచింది. ఆదర్శ లెక్కలో అది సామర్థ్యాన్ని 55 నుంచి 59 శాతానికి తీసుకెళ్ళే మార్పు. 84 శాతం టొలీన్ ఉన్న ఇంధనం నాకింగ్‌ని అదుపులో పెట్టింది. 685 హార్స్‌పవర్ దాకా ఇచ్చిన ఆ ఇంజన్‌తో మెక్‌లారెన్ ఆ ఏడాది 16 రేసుల్లో 15 గెలిచింది. గాలి కావలసినంత దొరికి, ఇంధనానికి కట్టడి అంతగా లేనప్పుడు తక్కువ కంప్రెషన్, ఎక్కువ బూస్ట్ తెలివైన పని. ఇంధనపు లెక్క బిగిసిన రోజున విజేతలు కంప్రెషన్ వైపు తిరిగారు. పెట్రోలు డబ్బులు సొంత జేబులోంచి పోయే మామూలు మనిషి పరిస్థితి 1988 నాటి హోండాకే దగ్గర.

ఇంకో అభ్యంతరం పొలంలోంచి వస్తుంది. కల్హేర్ చుట్టుపక్కల దున్నే ట్రాక్టర్లన్నీ డీజిల్‌వే. ఇదే జిల్లాలోని జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం ఉంది. డీజిల్ ఇంజన్ల కంప్రెషన్ 16, 18 దాకా ఉంటుంది, వాటిలో పెద్దవాటికి టర్బో కూడా ఉంటుంది. అయినా అవి కరిగిపోవు. మరి పెట్రోలు ఇంజన్‌కే ఈ గొడవంతా ఎందుకు? డీజిల్ ఇంజన్ నొక్కేది ఉత్తి గాలిని. ఇంధనం చివరి క్షణంలో, మండవలసిన వేళకే లోపలికి వస్తుంది. ముందే రగలడానికి అక్కడ ఇంధనమే ఉండదు. గాలి ఎంత వేడెక్కితే ఆ ఇంజన్‌కి అంత మేలు, రుడాల్ఫ్ డీజిల్ 1897లో నిరూపించింది అదే. కాబట్టి ఎక్కువ కంప్రెషన్, ఎక్కువ బూస్ట్ ఒకచోట ఇమడలేవన్న మాట లోహానికి గానీ, ఉష్ణగతిక శాస్త్రానికి గానీ చెందినది కాదని ట్రాక్టరే సాక్ష్యం చెబుతుంది. అది గాలీ పెట్రోలూ ముందే కలిసి మంట కోసం ఎదురుచూసే ఇంజన్‌కి సంబంధించిన ఇబ్బంది.

లోహం మాటకొస్తే అక్కడ నిజమైన హద్దొకటి ఉంది, దాన్ని దాచకూడదు. ఒక బార్‌కి పైగా బూస్ట్ ఉన్న పెట్రోలు ఇంజన్‌లో మంట రగిలాక పీడనం 100 బార్‌లు దాటగలదు. కనెక్టింగ్ రాడ్లు, బేరింగులు, హెడ్ బోల్టులు ఆ బరువు మోయాలి. మామూలు ఇంజన్‌కి టర్బో తగిలించి కంప్రెషన్ అలాగే ఉంచితే వీటిలో ఏదో ఒక భాగం ముందుగా లొంగిపోతుంది. అలాగే రేషియో పెంచేకొద్దీ లాభం సన్నబడుతుంది: 8 నుంచి 10కి పోతే దాదాపు నాలుగు పాయింట్లు దక్కితే, 12 నుంచి 14కి పోతే రెండే. ఎక్కువ బూస్ట్ ఉన్న ఇంజన్‌ని 14 దగ్గర ఉంచడంలో అర్థం లేదు. ఎం139 ఇంజన్‌ని కూడా 9 దగ్గరే ఆపారు. నేను కంప్రెషన్‌ని ఎన్నడూ తగ్గించకూడదని అనడం లేదు. వేడి తీసేయడం, ఇంధనం మెరుగుపరచడం, మంట సమయం సరిదిద్దడం పూర్తయ్యాక, ఇంకా అవసరమైతే మిగిలినంత మేరకే తగ్గించాలని అంటున్నాను. గత నలభై ఏళ్ళలో పరిశ్రమ నడిచిన దారి ఇదే. 1980ల ఆరంభంలో స్వీడన్ సంస్థ సాబ్ నాకింగ్‌ని వినే సెన్సర్ పెట్టి, అది వినపడగానే బూస్ట్ తగ్గించే పద్ధతి తెచ్చింది. ఆ ధైర్యంతో కంప్రెషన్‌ని 7.2 నుంచి 8.5కి పెంచింది. తర్వాత పెట్రోలుని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే పద్ధతి వచ్చి, అది లోపలే ఆవిరవుతూ చల్లబరచడంతో ఇంకో అంకె దాకా పెంచుకునే వీలు కలిగింది. నిస్సాన్ ఇంకా ముందుకు వెళ్ళి, నడుస్తుండగానే కంప్రెషన్‌ని 8 నుంచి 14 దాకా మార్చుకునే ఇంజన్ చేసింది. 2024లో మన దేశానికి వచ్చిన ఎక్స్-ట్రెయిల్‌లో ఉన్నది అటువంటిదే. నిదానంగా పోయేటప్పుడు 14, బూస్ట్ కావలసినప్పుడు 8. కంప్రెషన్‌ని అవసరమైన ఆ కొద్ది సెకన్లకే వదులుకోవాలన్న ఆలోచనకు అది లోహరూపం.

మిగిలింది ఇంధనం. ఇక్కడ కల్హేర్ ప్రాంతానికి ఈ శాస్త్రంతో దగ్గరి చుట్టరికం ఉంది. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్ళు దిగువన చెరకు పొలాలను పండించాయి. ఆ చెరకును నమ్ముకునే 1930లలో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, 2015 చివర మూతపడేదాకా ఆ ప్రాంతపు జీవితాన్ని నడిపింది. చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్‌ని పులియబెడితే వచ్చే ఇథనాల్‌ని పెట్రోలులో కలపాలన్న ఆలోచన మన దేశానికి కొత్త కాదు. 1948లోనే దానికోసం ఒక చట్టం వచ్చింది. ఆ ఆలోచన ఇప్పుడు నిజంగా ప్రతి బంకుకూ చేరింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 నుంచి అమ్మకానికి వచ్చింది, దేశవ్యాప్తంగా సగటున 20 శాతానికి చేరుకున్నామని 2025లో కేంద్రం ప్రకటించింది. వాహనదారులు దీన్ని ఎక్కువగా మైలేజీ నష్టంగానే చూశారు, అందులో నిజముంది. ఒక లీటరు ఇథనాల్‌లో ఉన్న వేడి పెట్రోలులో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే. కాబట్టి 20 శాతం కలిపితే లీటరుకు దాదాపు 7 శాతం శక్తి తగ్గుతుంది. కానీ అదే మిశ్రమం ఆక్టేన్ సంఖ్య మామూలు పెట్రోలు 91 నుంచి 95 దాకా పెరుగుతుంది. పైగా ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు పెట్రోలు కంటే రెండు రెట్లకు పైగా వేడిని లాగేసుకుంటుంది. అంటే జెట్‌ఫైర్ వేరే ట్యాంకులో మోసుకుపోయిన రక్షణలో కొంత ఇప్పుడు పెట్రోలులోనే కలిసి వస్తోంది.

ఆ రక్షణను ఎవరు వాడుకోగలరు? టర్బో లేని పాత ఇంజన్ పెద్దగా వాడుకోలేదు. దాని కంప్రెషన్ పిస్టన్ ఆకారంలో, హెడ్ లోతులో స్థిరపడి ఉంది. మంచి ఇంధనం పోసినంత మాత్రాన అది మారదు, మైలేజీ నష్టం మాత్రం మిగులుతుంది. కొత్తగా రూపొందించే ఇంజన్‌కి కంప్రెషన్‌ని 10 నుంచి 12కి పెంచగలిగితే ఆదర్శ లెక్కలో 4.6 శాతం సామర్థ్యం తిరిగి వస్తుంది, ఆ 7 శాతం లోటులో సగానికి పైగా పూడుతుంది. ఇక టర్బో కారుకు ఇంకో సౌకర్యం ఉంది. బూస్ట్‌ని నిర్ణయించేది కంప్యూటర్. నాకింగ్ సెన్సర్ వినే ప్రతి మంటకూ అది ఇంధనం నాణ్యతను అంచనా వేసి, బూస్ట్‌నీ స్పార్క్‌నీ సర్దుకోగలదు. పైన చెప్పిన ఫ్రెంచ్ సూత్రం ప్రకారం ఆక్టేన్ 91 నుంచి 95కి పెరిగితే, అదే ఉష్ణోగ్రతలో, అంతే భద్రతతో పీడనాన్ని సుమారు 9 శాతం పెంచుకోవచ్చు. ఇంధనం మారినప్పుడు లోహం మార్చకుండా ఎక్కువ లాభం అందుకోగలిగేది టర్బో ఇంజనే. ఇలాంటి ఇంధనం కోసమే తయారైన ఇంజన్ అయితే మొదట కంప్రెషన్ పెంచుకుని మైలేజీని కాపాడుకోవాలి, మిగిలిన రక్షణను బూస్ట్‌కి వాడుకోవాలి. ఈ క్రమం తారుమారైతే కారు కొన్ని సెకన్లు వేగంగా పోతుంది, మిగిలిన కాలమంతా ఎక్కువ తాగుతుంది.

కారు శక్తి పెంచుకోవాలనుకునే యువకులు మన జిల్లాల్లోనూ తక్కువేం లేరు. కంప్యూటర్‌లోని లెక్కలు మార్చి బూస్ట్ పెంచే దుకాణాలు హైదరాబాద్‌లో ఉన్నాయి. అక్కడికి వెళ్ళే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న ఎన్ని హార్స్‌పవర్ పెరుగుతుంది అన్నది కాదు. 42 డిగ్రీల ఎండలో ఈ ఇంటర్‌కూలర్ గాలిని ఎంతకు దించుతుంది అన్నది. రెండో ప్రశ్న ఏ ఆక్టేన్ పెట్రోలు ప్రతిసారీ దొరుకుతుంది అన్నది. చలికాలం ఉదయం బాగా నడిచిన అమరిక రోహిణి కార్తెలో పిస్టన్‌ని బలితీసుకోవచ్చు. గాలి వేడీ, ఇంధనం స్వభావం అదుపులో ఉంటే కంప్రెషన్‌ని తగ్గించాల్సిన అవసరం చాలావరకు ఉండదు. అవి అదుపులో లేకపోతే కంప్రెషన్ ఎంత తగ్గించినా అది తాత్కాలిక ఊరటే. టర్బో ఇంజన్‌లో శక్తినీ పొదుపునూ కలిపి ఉంచగలిగేది వేడి మీద పట్టు. ఆ పట్టు ఉన్న ఇంజినీరు టర్బోని ఉంచుకుంటూనే కంప్రెషన్‌ని పెంచగలడని పోర్షె, సాబ్ చేసి చూపించాయి. మన వేసవి ప్రపంచంలోని చాలా దేశాల వేసవి కంటే తీవ్రమైనది, మన పెట్రోలులో ఇథనాల్ వాటా చాలా దేశాల కంటే ఎక్కువ. ఈ రెండు నిజాలను మొదటి పేజీలోనే రాసుకుని ఇక్కడి రోడ్ల కోసం ఇంజన్‌ని రూపొందించడం మన ఇంజినీర్ల ముందున్న పని. దానికి కావలసిన శాస్త్రమంతా చేతిలోనే ఉంది.